పేరు దిద్దితే వరుస ఎందుకు తప్పింది?

పోయిన ఆదివారం ఫోను వరుసలో 7వ వాడుగా ఉండాల్సిన ఆరో తరగతి తమ్ముడు చివరికి పోయాడు. వాడి వంతు వచ్చేసరికి టైము అయిపోయింది. అమ్మతో మాట్లాడకుండానే పడుకున్నాడు. వార్డెన్ సారే వరుస మార్చారని కొందరన్నారు. సారుకేం తెలియదు, తప్పు నాది. ఎలా జరిగిందో రాస్తున్నాను.

ఆ జాబితా నేను కంప్యూటర్ గదిలో పైథాన్ భాషలో తయారుచేశాను. అందులో డిక్షనరీ అని ఒకటుంది. నిఘంటువులో మాట వెతికితే అర్థం దొరికినట్టు, ఇందులో 'కీ' ఇస్తే దాని విలువ దొరుకుతుంది. నా జాబితాలో పిల్లవాడి పేరు కీ, ఇంటి ఫోను నంబరు విలువ. నిఘంటువు అక్షరక్రమంలో ఉంటుంది, ఇది మాత్రం మనం రాసిన క్రమంలో ఉంటుంది. పూర్వం మామూలు డిక్షనరీ ఈ వరుసను గుర్తుపెట్టుకునేది కాదు. అందుకే 2009లో ఆర్డర్డ్‌డిక్ట్ అని వేరే రకం పెట్టారు. 2018లో వచ్చిన పైథాన్ 3.7 నుంచి మామూలు దానికీ వరుస ఖాయం చేశారు.

ఇంట్లో సిమ్ మారి నంబరు మారితే చిక్కేమీ లేదు. అదే పేరు మీద కొత్త నంబరు రాస్తే పాతది పోయి ఇది అక్కడే కూర్చుంటుంది. ట్రంకుపెట్టె కదపకుండా లోపలి బట్టలు మార్చినట్టు అన్నమాట.

కాని తమ్ముడి పేరులోనే ఒక ఒత్తు తప్పు పడింది. కీని ఉన్నచోటే దిద్దడం కుదరదు. నేను పాత పేరు తీసేసి, సరైన పేరు మళ్ళీ ఎక్కించాను. కంప్యూటర్‌కి వాడు కొత్త మనిషి! కొత్తగా వచ్చినవాడు మెస్ లైనులో ఎక్కడ నిలబడతాడు? చివరే కదా. ఆర్డర్డ్‌డిక్ట్‌లో ఒకణ్ణి చివరికో మొదటికో పంపే ఆజ్ఞ ఉంది గాని, 7వ చోటికి పంపేది లేదు.

మరి దారేమిటంటే, ఖాళీ డిక్షనరీ ఒకటి తీసుకోవాలి. పాతదాన్ని మొదటినుంచి చూస్తూ ఒక్కొక్కటే ఇందులోకి ఎక్కించాలి. తప్పు పేరు తగిలినచోట సరైన పేరు రాయాలి, నంబరు పాతదే. మన జాబితా ఎంతని, రెప్పపాటులో అయిపోతుంది. అయితే ఆ సరైన పేరు అప్పటికే ఇంకొకడికి ఉంటే ఇద్దరూ ఒకటైపోయి, ఒకడి నంబరు మాయమవుతుంది. మన దగ్గర ఒకే పేరువాళ్ళు ఉన్నారు, ఇంతకాలం ఇంటిపేరు కలిపి నెట్టుకొచ్చాను.

అందుకే ఇప్పుడు అడ్మిషన్ నంబరునే కీ చేశాను. పేరు, ఫోను నంబరు రెండూ విలువలో పెట్టాను. ఇక పేరు ఎన్నిసార్లు దిద్దినా వరుస కదలదు. ఇది మొదటే తోచాల్సింది.

ఈ ఆదివారం నా వంతు 3వది. దాన్ని తమ్ముడికి ఇస్తానంటే సారు సరేనన్నారు.