పోలీసువారును ప్రథమ చికిత్సయు

గ్రామ పెద్దలారా!

మీ ఊరి పొలిమేరలో, రాచబాటమీద, లారీ తగిలి యొక బాటసారి పడిపోయినాడనుకొందము. వాని తొడనుండి నెత్తురు ధారగా కారుచున్నది. జనము మూగినారు గాని చేయివేయువాడు లేడు. "పోలీసులు రానిండు, మనకేల యీ కేసు" అని ఒకరి మొగ మొకరు చూచుకొనుచున్నారు. ఇంతలో పోలీసు జవాను వచ్చినాడు. ఆతడు మొట్టమొదట చేయవలసిన పని యేది? పేరు, ఊరు వ్రాసికొనుటయా? చక్రముల జాడ కొలుచుటయా?

పెద్ద రక్తనాళము తెగినవాడు కొలది నిమిషములలోనే మరణింపవచ్చును. గుండె యాగినచో నాలుగైదు నిమిషములకే మెదడు చెడ నారంభించును. వైద్యు డెంత నేర్పరి యైనను, ఆతడు వచ్చువరకు నీ నిమిషము లాగవు. కావున ముందు చేరినవాని చేతులే యప్పటికి వైద్యుని చేతులు. పలుమారు లట్లు ముందు చేరువాడు పోలీసే. జాడలను పిదప కొలువవచ్చును. పోయిన ప్రాణమును పిదప తేలేము.

ఈ యెరుక క్రొత్తది కాదు. 1877లో ఇంగ్లండున సెయింట్ జాన్ అంబులెన్సు సంఘము వెలసినది. 1878లో పీటర్ షెపర్డ్ అను సైనిక వైద్యుడు లండను చెంతనున్న వూలిచ్‌లో సామాన్యజనులకు ప్రథమ చికిత్స నేర్పెను. తరువాత గనులలోను రైళ్లలోను పనిచేయువారితోబాటు పోలీసులును ఈ విద్య నభ్యసించిరి.

ఇందు నేర్పు పద్ధతు లివి. ముందుగా రాకపోకల నాపి, రెండవ ప్రమాదము జరుగకుండ చూడవలెను, అంబులెన్సుకు కబురంపవలెను. నెత్తురు కారుచోట శుభ్రమైన గుడ్డ నుంచి, అరచేతితో గట్టిగా నదిమిపట్టవలెను. మాటిమాటికి తీసి చూడరాదు. గుడ్డ తడిసినచో దానిపై మరియొకటి వేసి యదుమవలెను. చేతినుండి గాని కాలినుండి గాని వచ్చు ధార యప్పటికి నాగనిచో, శిక్షణ పొందినవాడు గాయమునకు పైభాగమున బిగికట్టు వేసి, ఆ వేళను గుర్తు వ్రాయవలెను. స్పృహలేక, ఊపిరి సరిగా ఆడని పెద్దవారికి, రొమ్ము నడుమ రెండు చేతు లొకదానిపై నొకటి యుంచి, 5 సెంటీమీటర్లు, అనగా రెండంగుళములు, దిగునట్లు నిమిషమునకు 100 నుండి 120 మారులు అదుమవలెను.

కూడనివియు గలవు. మెడకో, వెన్నుకో దెబ్బ తగిలినదను శంక యున్నచో లేవనెత్తి కూర్చుండబెట్టరాదు. స్పృహ తప్పినవాని నోట నీరు పోయుట మన వాడుక. ఆ నీరే ఊపిరితిత్తులలో జొచ్చి ప్రాణము తీయవచ్చును.

ఈత పుస్తకము చదివినంతనే రాదు గదా! ఈ విద్యయు నట్టిదే. బొమ్మమీద చేతులార సాధనచేసి, మరచిపోకుండ మరల మరల అభ్యసింపవలెను. పోలీసు బండిలో లాఠీతోబాటు కట్టుగుడ్డలును చేతి తొడుగులును ఉండవలెను.

ఇక మీ భయమునుగూర్చి యొక మాట. పోలీసు కాగితములకై వేచియుండక వైద్యులు చికిత్స చేయవలెనని 1989లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. ఆదుకొన్నవారిని వేధింపరాదను నిబంధనలను 2016లో ఆ కోర్టే స్థిరపరచినది. 2019 మోటారు వాహనముల చట్ట సవరణవలన, సద్బుద్ధితో ప్రతిఫలము కోరక ఆదుకొనునపుడు పొరపాటు జరిగినను, వానిపై దావాగాని నేరముగాని మోపుటకు వీలులేదు. హైదరాబాదులో 2005 ఆగస్టు 15న ఆరంభమైన 108 సేవ మీ రెరిగినదే.

కావున మా విన్నప మొక్కటి. మీ ఠాణా అధికారిని, ఆరోగ్యకేంద్రపు వైద్యుని ఒకనాడు మీ చావడికి పిలువుడు. జవానులచేతను, ఊరి యువకులచేతను కలిపి యీ సాధన చేయింపుడు. రేపు బాటమీద పడినవాడు మన బిడ్డయే కావచ్చును. అప్పుడు వాని చుట్టు మూగినవారిలో, ఏమి చేయవలెనో తెలిసినవా డొక్కడైన నుండవలెను.