నర్సు చదువు – అందులోని కష్టాలు

పెద్దయ్యాక ఏమవుతావని అడిగితే మన హాస్టల్లో చాలామంది నర్సు అంటారు. కానీ ఆ చదువు ఎట్లా ఉంటదో మనకు తెలియదు. మా పెద్దమ్మ కూతురు జి.ఎన్.ఎం. రెండో సంవత్సరం చదువుతున్నది. సెలవులకు వచ్చినప్పుడు అక్కను అడిగి తెలుసుకున్నవి రాస్తున్నాను.

జి.ఎన్.ఎం. అంటే ఇంటర్ తర్వాత 3 సంవత్సరాల కోర్సు. బి.ఎస్సీ. నర్సింగ్ 4 సంవత్సరాలు. దానికి ఇంటర్లో సైన్సు చదివి ఉండాలి. రెండింటిలోనూ క్లాసులతో పాటు ఆసుపత్రి డ్యూటీలు ఉంటాయి. సూది వేయడం ముందు బొమ్మ మీద నేర్పుతారు. తర్వాత సిస్టర్లు దగ్గరుండి రోగులకు వేయిస్తారు.

అక్క చెప్పిన కష్టాలు:

1. ఇంగ్లీషు: పుస్తకాలన్నీ ఇంగ్లీషులోనే. మనకు ఇంట్లో కోయ, బడిలో తెలుగు, ఇంగ్లీషు మూడోది. మొదట్లో ఒక్క పేజీకి గంట పట్టేదట.

2. నైట్ డ్యూటీ: రాత్రంతా మేలుకోవాలి. పరీక్షలు దగ్గరికొస్తే నిద్ర అసలే చాలదు.

3. భయం: మందు తప్పితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఐదు చూసుకోవాలని నేర్పుతారు. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన టైము, సరైన పద్ధతి (మింగేదా, సూదా అని).

4. చావు: ఒక ముసలమ్మకు అక్క సాయంత్రం తల దువ్వింది. తెల్లారి వెళ్తే మంచం ఖాళీ, కొత్త దుప్పటి పరిచి ఉంది. ఆ రోజు అన్నం తినబుద్ధి కాలేదట.

5. మాటలు: రోగుల ముందే ఎవరైనా తిడితే ఏడుపొస్తుంది. ఊళ్లో కొందరు "ఒకరి మలమూత్రాలు ఎత్తే పని" అంటారు.

ఈ చిన్నచూపు మన దగ్గరే కాదు, ఒకప్పుడు ఇంగ్లండులోనూ ఉండేది. ఫ్లారెన్స్ నైటింగేల్ 1854లో యుద్ధంలో గాయపడిన సైనికులకు సేవ చేయడానికి వెళ్ళింది. 1860లో లండన్లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేరు మీద నర్సుల బడి మొదలైంది. శిక్షణ ఉంటేనే చేయగల పని అని అప్పటి నుంచి జనానికి తెలిసింది. ఆమె పుట్టిన మే 12ను నర్సుల దినంగా జరుపుతారు.

అక్క మొదట ఉద్యోగం కోసమే చేరింది. మొదటి సంవత్సరం ఇంటికి వచ్చేస్తానని ఏడ్చింది. ఒకరోజు వార్డులో మన కోయ అవ్వ ఒకామె ఎవరు అడిగినా మాట్లాడలేదు. అక్క కోయలో అడిగితే అంతా చెప్పింది. మాత్రలు వేసుకుంటే కళ్ళు తిరుగుతున్నాయని మూడు రోజులుగా దిండు కింద దాస్తున్నదట. అక్క చెప్పాక డాక్టరు గారు మందు మార్చారు. "ఆ రోజు నుంచి ఇది నా పనే అనిపించింది" అన్నది అక్క.

ఇప్పటికీ భయం ఉందట. కానీ దాచుకోదు. తెలియనిది సీనియర్లను అడుగుతుంది, బాధగా ఉంటే రూమ్ స్నేహితురాళ్ళకు చెప్పుకుంటుంది. భయం వేసినంత మాత్రాన మనం పనికిరామని కాదు.

కావున నర్సు కావాలనుకునేవాళ్ళు సైన్సు బాగా చదవండి. రోజుకు ఐదు ఇంగ్లీషు మాటలు నోటుబుక్కులో రాసుకోండి. నేను మొదలుపెట్టాను.

– 9వ తరగతి విద్యార్థిని