ఆదికాండంలో పేరు పెట్టే పని

బైబిలు మొదటి గ్రంథమైన ఆదికాండంలోని సృష్టి వృత్తాంతాన్ని చాలామంది ప్రపంచం ఎలా పుట్టిందన్న ప్రశ్నతో చదువుతారు. విజ్ఞానశాస్త్రంతో పొసగలేదని కొందరు అక్కడే ఆగిపోతారు. ఇందులో నాకు చెప్పేదేమిటని అడిగే పాఠకునికి మాత్రం ఆ గ్రంథంలోని కొన్ని మాటలే దారి చూపుతాయి. వాటిని పరిశీలిద్దాం.

ఆదికాండంలో సృష్టి కథనాలు రెండున్నాయి. ఆరు దినాల పనినీ ఏడోనాటి విశ్రాంతినీ చెప్పేది మొదటిది. మనిషి గురించీ ఏదెను తోట గురించీ చెప్పేది రెండోది. ఇవి మొదట వేర్వేరు సంప్రదాయాలకు చెందినవని చాలామంది పండితుల అభిప్రాయం.

మొదటి కథనంలో దేవుడు మాటతో సృష్టిస్తాడు. అక్కడ వాడిన 'బారా' అనే హీబ్రూ క్రియను, సృష్టించడమనే అర్థంలో, పాత నిబంధన మనుషుల పనికి వాడదు. తొలి మూడు దినాల్లో పగలు, రాత్రి, ఆకాశం, భూమి, సముద్రాలు అని అయిదు పేర్లు దేవుడే పెడతాడు. జంతువులకు మాత్రం పెట్టడు. ఆ పని రెండో కథనంలో మనిషికి వస్తుంది. దేవుడు జంతువులను, పక్షులను అతని దగ్గరికి తెచ్చి, ఏమని పిలుస్తాడో చూస్తాడు. అతడు పిలిచిందే పేరవుతుంది. దానికి దిద్దుబాటు లేదు.

ఇంతకూ ఆ మనిషి ఎవరు? హీబ్రూలో 'ఆదాం' అంటే మనిషి, 'అదామా' అంటే నేల. మన్నుతో చేసినవాడికి మన్ను పేరే దక్కింది. తెలుగులో 'మనిషి', 'నేల' అన్నప్పుడు ఈ చుట్టరికం వినబడదు. తోటలో అతనికి అప్పగించిన సేద్యాన్ని చెప్పే క్రియకు హీబ్రూలో సేవించడం అన్న అర్థం కూడా ఉంది. మొదటి కథనం మనిషికి ప్రాణులపై ఏలుబడి ఇస్తే, రెండోది అతణ్ణి నేలకు సేవకుణ్ణి చేస్తుంది. రెంటినీ కలిపి చదివితే ఆ అధికారం హద్దు తెలుస్తుంది.

పేరు పెట్టాలంటే ముందు ఆ ప్రాణిని నిదానించి చూడాలి. మనకు ఈ వృత్తాంతం ఇచ్చే స్వంత అర్థం ఇదేనని మేము భావిస్తున్నాం: లోకాన్ని మనం చేయలేదు, కాని దాన్ని చూసి పిలవడం మన వంతు.

తెలుగునాటికి వెలుపల తరతరాలుగా ఉంటున్నవారికి ఈ మాట మరింత దగ్గరగా తగులుతుంది. మన ఉడుత హోసూరు బడిలో 'అణిల్', బళ్లారిలో 'అళిలు', షోలాపూరులో 'ఖార్'. ఏ పేరూ తప్పు కాదు. ప్రతి పేరు వెనుకా ఒక జాతి ఆ ప్రాణిని చూసిన చూపుంది. పిల్లవాడు వాటిని నేర్చుకోవలసిందే. అయితే ఇంట్లో ఎవరూ 'ఉడుత' అనకపోతే మన పెద్దల చూపు ఆ ఇంట్లో ఆగిపోతుంది. పెరట్లోని పిట్టను చూపించి దాని పేరు చెప్పడానికి గ్రంథాలయం అక్కరలేదు. ఆదాముకు అప్పగించిన పని కూడా అంతకన్నా పెద్దదేమీ కాదు.