ఇంధనము చిమ్ము గొట్టములు: వాని శుద్ధి, పరీక్ష



జీవితమంతయు బడిలో వ్యాకరణమును, కావ్యములను బోధించిన వృద్ధుడు మోటారు యంత్రమును గూర్చి ప్రసంగించుట యేమని మీకు తోచవచ్చును. కాని కన్నులార చూచినదానిని, నేర్చినవారి నడిగి తెలిసికొన్నదానిని చెప్పుటలో దోషము లేదని సాహసించుచున్నాను. ఆయిలింజను గాని ట్రాక్టరు గాని లేని గ్రామము నేడు అరుదు గనుక, ఈ విషయము మీకును నిరుపయోగము కాదు.

గత సంవత్సరము మా అమ్మాయిని చూచుటకై అమెరికాలోని కాలిఫోర్నియాకు పోయితిని. మా అల్లునికి పాత పందెపుబండి వంటి కారొకటి కలదు. దాని పేరు డాట్సన్ 280జెడ్. జపాను దేశపు నిస్సాన్ సంస్థవారు 1975 మొదలు 1978 వఱకు దీనిని అమెరికాలో విక్రయించిరి. దీనికి ముందు వచ్చిన 240జెడ్ బండిలో పెట్రోలును గాలితో కలుపుటకు కార్బురేటర్లుండెడివి. 280జెడ్ నందు వానికి బదులుగా ఆఱు సిలిండర్లకు ఆఱు ఇంజెక్టర్లు, అనగా పెట్రోలును తుంపరగా చిమ్ము గొట్టములు, అమర్చిరి.

ఆ బండి నిలిచియున్నప్పుడు యంత్రము వడవడ వణకుచుండెను. ఎత్తు నెక్కునప్పుడు వెనుదీయుచుండెను. ఒక మరమ్మతుశాలవారు దాని చప్పుడు మాత్రము విని, “యంత్రము అరిగిపోయినది. పూర్తిగా విప్పవలయును. లేదా అమ్మివేయుడు” అనిరి. తొలి జీతములు కూడబెట్టి కొన్న బండి యగుటచే అల్లుడు మిక్కిలి చింతించి, తుదకు అమ్ముటకే సిద్ధపడెను.

అప్పుడు నాకు పాత సంగతి యొకటి జ్ఞప్తికి వచ్చినది. నా ఉద్యోగపు తొలిదినములలో, నల్లబల్ల మీది వ్రాతను తప్పులతో ఎక్కించుకొను బాలు నొకనిని మందుడని పలుమాఱు దండించితిని. వానికి దూరపుచూపు లేదని ఆఱు నెలలకు గాని నాకు తెలియలేదు. ఆ తప్పు నేటికిని నన్ను బాధించుచున్నది. అందుచేత, “నాయనా, పరీక్ష చేయింపకయే తీర్పు నంగీకరింపకుము” అంటిని. “సరే మామయ్యగారూ, ఇంజెక్టర్లను పరీక్షించువా రొకరున్నారు. వారికే చూపింతము” అని అతడు సమ్మతించెను.

ఈ గొట్టముల పని యెట్టిదో వినుడు. ఒకే కాలువనుండి ఆఱు మళ్లకు నీరు పెట్టుచున్నామనుకొనుడు. ఆఱు తూములును సమానమైన వెడల్పు గలవి. వానినన్నిటిని ఒకేసారి తెఱచి, ఒకేసారి మూయుదుము. ఒక తూములో పూడిక చేరినచో ఆ మడి యెండును. తూములు తెఱచు మనుష్యుడు కాలమును లెక్కించును గాని, ఏ మడికెంత నీరు పాఱెనో చూడడు. ఈ బండిలోని విద్యుత్పేటికయు నట్టిదే. లోనికిపోవు గాలి కొలతను బట్టి అది ఆఱు ఇంజెక్టర్లకు ఒకే ఆజ్ఞ నిచ్చును. ఇంజెక్టరులోని తీగచుట్టకు విద్యుత్తు తగులగానే లోపలి సూది మిల్లీమీటరులో సుమారు పదవవంతు మాత్రమే లేచును. యంత్రము నిమిషమునకు 3000 చుట్లు తిరుగునప్పుడు ఈ సూది సెకనుకు 50 మాఱులు లేచి పడుచుండును. ఇంత సన్నని సందులో ధూళి యించుక చేరినను కొలత తప్పకుండునా?

బండి నెలల తరబడి కదలక నిలిచినచో, పెట్రోలులోని తేలికభాగ మావిరియై పోయి, మిగిలినది బంకవలె సూదికొనకు పట్టును. తొట్టిలోని త్రుప్పు గొట్టములోని జల్లెడకు అడ్డుపడును. ఇంధనము తగ్గిన సిలిండరు మితిమీఱి వేడెక్కి, కాలక్రమమున పిస్టను చెడవచ్చును. గొట్టము మూతపడక కాఱుచున్నచో, పెట్రోలు సిలిండరు గోడలమీది నూనెను కడిగివేయును.

పరీక్షాశాలలో మొదట తీగచుట్టల విద్యున్నిరోధమును కొలిచిరి. పిదప ఆఱు గొట్టములను ఒక బల్లపై వరుసగా బిగించి, పెట్రోలుకంటె తక్కువగా నంటుకొను పరీక్షాద్రవమును గాజుకొలతపాత్రలలోనికి చిమ్మించిరి. ఒక నిమిషములో అయిదింటినుండి 180 మొదలు 186 ఘన సెంటీమీటర్ల వఱకు వచ్చినది. నాలుగవదానినుండి 150 మాత్రమే వచ్చినది. దాని తుంపరయు విసనకఱ్ఱవలె విచ్చుకొనక, సన్నని ధారగా ఒక ప్రక్కకు పోవుచుండెను. వణకునకు కారణము మా కన్నులయెదుటనే కానవచ్చెను.

తరువాత వానిని శుద్ధిద్రవములో నుంచి, చెవికి వినరాని శబ్దతరంగములను పంపిరి. ఆ తరంగములచే సూక్ష్మమైన బుడగలు పుట్టి పగులుచు, బ్రష్షు చొరరాని చోటులందలి మురికిని రాల్చును. చిన్న జల్లెడలను, రబ్బరు వలయములను క్రొత్తవి వేసి, మరల కొలిచిరి. ఈ మాఱు ఆఱును 184కు, 188కి నడుమ నిలిచినవి. సూది యరిగినను, తీగచుట్ట కాలినను ఈ శుద్ధిచే బాగుపడవు. అట్టివానిని మార్చుటయే గతి. తొట్టిలో పోయు సీసామందు కొంత బంకను కరగింపవచ్చును గాని, ఏ గొట్ట మెంత యిచ్చుచున్నదో చెప్పజాలదు.

ఇంతకంటె ముఖ్యమైనది మఱియొకటి. గొట్టములను ఊడదీసినప్పుడు, వానికి పెట్రోలు నందించు రబ్బరుముక్కలలో రెండు నెఱ్ఱెలు వాఱియుండెను. వానిలో ఇంధనము చదరపు సెంటీమీటరునకు సుమారు రెండున్నర కిలోల ఒత్తిడితో నుండును. అది వేడి యంత్రముపై చిమ్మినచో బండి తగులబడవచ్చును. ఆ బండిలోనే నా మనుమడు ప్రతిదినమును బడికి పోవుచుండెను. ఆ ఒత్తిడికి తగిన క్రొత్త రబ్బరును వేయించి, యంత్రమును నడుపక మునుపే ఇంధనము నెక్కించి, ప్రతి యతుకును తడిమి చూచిన పిదపనే నాకు నిద్రపట్టెను. వణకు పోయినది. బండి యమ్ముడుపోలేదు.

మన ఆయిలింజనులలోను, ట్రాక్టర్లలోను ఉన్న నాజిళ్లు ఇట్టి పనినే చేయును. నల్లపొగ వచ్చినను, ఇంజను తడబడినను, గాలి జల్లెడను, డీజిలు ఫిల్టరును చూచి, నాజిళ్లను పరీక్షింపించి, అటుపై ఇంజను విప్పుట మేలు. కాని డీజిలు నాజిలు ఒత్తిడి పెట్రోలుదానికంటె ఎన్నో రెట్లెక్కువ. దాని తుంపరకు చేయి యొడ్డకుడు. అది సూదివలె చర్మమును దూరును. పైకి చిన్నచుక్కగా కనబడినను, లోపల కండ చచ్చి, వ్రేలు తీసివేయవలసి రావచ్చును. అట్లు జరిగినచో నొప్పికై వేచియుండక తత్క్షణమే ఆసుపత్రికి పోవలయును. ఈ మాట మీ యిండ్లలోని పడుచువారికి తప్పక చెప్పుడు.