నీళ్ళ పెట్టె, పెట్రోలు లెక్క

నీళ్ళతో బండి నడుస్తుందన్న మాట మన ప్రాంతపు వారికి కొత్త కాదు. 1996లో రాజపాళయం దగ్గరి రామర్ పిళ్ళై నీటిలో మూలికలు వేసి పెట్రోలు చేస్తానని చెప్పినప్పుడు ఆయన పేరు దేశమంతా మారుమ్రోగినది. 2016లో చెన్నై కోర్టు ఆయనకు మూడేండ్ల జైలుశిక్ష విధించినది. ఇదంతా తెలిసి కూడా మేము ఆ నీళ్ళలోనే దిగినాము.

కోవిల్‌పట్టిలో ఉన్న మా మేనల్లునికి మూలికల మీద నమ్మకం లేదు; వానిది కరెంటు. "మామయ్యా, బ్యాటరీ కరెంటును నీళ్ళలోకి పంపితే హైడ్రోజను, ఆక్సిజను వస్తవి. ఆ గాలిని ఇంజనుకు ఇస్తే పెట్రోలు మిగులుతుంది. వంద పెట్టెలు చేసి అమ్ముదాము" అన్నాడు. పెట్టుబడికి భార్య నగలు కుదువపెట్టవలెనని వాని ఆలోచన. ఆ అమ్మాయి మా దగ్గరకు వచ్చి, "మామయ్యగారూ, మీరు లెక్కలు చూసేవారు. చూసి చెప్పండి, ఇస్తాను" అన్నది. గుమాస్తాకు ఇంతకంటె బరువైన ఫైలు ఉంటుందా?

ఏడు స్టెయిన్‌లెస్ స్టీలు రేకులు, నడుమ రబ్బరు చట్రాలు. అంటే ఆరు గదులు. నీటిలో మొదట ఉప్పు కలిపినాము. ముక్కులు మండి బయటికి పరుగెత్తినాము, వచ్చినది క్లోరిను. తరువాత కాస్టిక్ సోడా కలిపినాము. మంట వెనక్కి పోకుండా గొట్టం నడుమ ఒక నీళ్ళ సీసా కూడ అమర్చినాము. వచ్చిన గాలిని సబ్బు నురుగులోకి పట్టి, పొడవాటి కర్రకు మన ఊరి అగ్గిపుల్ల కట్టి అంటిస్తే తుపాకి ప్రేలినట్లయినది. వంటింట్లోనుంచి అక్కయ్య వచ్చి పెట్టిన చీవాట్లు ఇక్కడ వ్రాయము.

వాని పాత మారుతి వ్యానులో పరీక్ష. కోవిల్‌పట్టి నుండి సాత్తూరు మీదుగా విరుదునగర్ సుమారు 50 కిలోమీటర్లు. పోయి వచ్చి అదే బంకులో టాంకు నిండా పోయించి కొలిచినాము. పెట్టె లేకుండా 7 లీటర్లు. మరునాడు పెట్టెతో 6.2! అబ్బాయి వీధంతా కడలై మిఠాయి పంచినాడు.

మాకు మాత్రం నిద్ర పట్టలేదు. మొదటి రోజు బండిలో అక్కయ్య కుటుంబమంతా ఉన్నారు. రెండవ రోజు మేమిద్దరమే. పైగా పెట్రోలు మిగలాలని వాడు బండిని పెండ్లి ఊరేగింపులా నడిపినాడు. అందుచేత స్విచ్చిని మా సీటు క్రిందికి మార్పించి, అదే వేళకు, అదే బరువుతో నాలుగు రోజులు తిరిగినాము. ఎప్పుడు వేసినామో వానికి చెప్పలేదు. వేసిన రోజులు 6.9, 7.0, వేయని రోజులు 6.8, 6.8.

కారణం కాగితం మీద కూడ తేలినది. 12 వోల్టుల వద్ద 10 ఆంపియర్లు పంపితే ఆ ఆరు గదులలో గంటకు 25 లీటర్ల హైడ్రోజను వస్తుంది. వినడానికి చాలా ఎక్కువ. దాని వేడి 10 మిల్లీలీటర్ల పెట్రోలుకు కూడ సరిరాదు. వ్యాను గంటకు మూడు లీటర్లకు పైగా త్రాగుతుంది. ఆ కరెంటు మాత్రం ఎక్కడిది? ఇంజను త్రిప్పే ఆల్టర్నేటరుది. దానిని పుట్టించడానికి దాదాపు 100 మిల్లీలీటర్లు కాలిపోతుంది.

రామర్ పిళ్ళై పేరు మ్రోగిన ఆ 1996లోనే అమెరికాలో ఒహైయో కోర్టు స్టాన్లీ మేయర్ అనే ఆయన నీటి యంత్రాన్ని నిపుణులచేత పరీక్ష చేయించినది. అందులో ఉన్నది మామూలు విద్యుద్విశ్లేషణేనని తేలగా, డబ్బు పెట్టిన ఇద్దరికి 25,000 డాలర్లు తిరిగి ఇమ్మన్నది.

లెక్క చూపిన రోజున అబ్బాయి సాత్తూరు నుండి ఇల్లు చేరేవరకు మాట్లాడలేదు. పెట్టెలోని గోధుమరంగు నీళ్ళను అక్కయ్య కొబ్బరిచెట్టుకు పోయబోతే మాత్రం వాడే ఆపినాడు. స్టీలులోని క్రోమియం కరిగిన నీరు విషం. నగలు ఆ అమ్మాయి దగ్గరే ఉన్నవి. రేకులు అటకమీద ఉన్నవి. అడిగినవారికి చూపుతాడు, అమ్మడు.