త్రాగి బండి నడిపినారను నేరారోపణము: రైతులు తెలిసికొనవలసిన సంగతులు

ఇల్లందు సీమలో బొగ్గు త్రవ్వకము 1889లో ఆరంభమైనది. ఆ కాలమున రైతు పంట ఎద్దుబండిమీద సంతకు చేరుచుండెను. బండివాడు మత్తులో కునికినను ఎడ్లు త్రోవ నెరిగి యిల్లు చేర్చెడివి. నేడు మిరప బస్తాలు ఖమ్మము మార్కెటునకు పోవలెనన్నను, ప్రత్తి మిల్లునకు చేరవలెనన్నను ట్రాక్టరో, మోటారు వ్యానో లేనిదే సాగదు. మోటారునకు ఎడ్ల తెలివి లేదు. అందుచేతనే త్రాగి నడపుటను చట్టము నేరముగా నెంచినది. ఈ నేరము మోపబడినవాడు కొందరు చెప్పినట్లు వెంటనే ఒప్పుకొనుటయు, కొందరు చెప్పినట్లు పరీక్షకు నిరాకరించి పారిపోవుటయు రెండును నష్టకరములే. కావున చట్టమేమి చెప్పుచున్నదో మా సభ్యులకు విన్నవించుచున్నాము.

1988 నాటి మోటారు వాహనముల చట్టము 185వ సెక్షను ప్రకారము, నూరు మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములకు మించి మద్యసారమున్నవాడు బండి నడిపినను, నడపబూనినను నేరమే. 2019 సవరణ పిమ్మట మొదటి నేరమునకు ఆరునెలలవరకు ఖైదుగాని, పదివేల రూపాయల జరిమానాగాని, రెండునుగాని శిక్ష. మరల చేసినచో రెండేండ్లవరకు ఖైదుగాని, పదునైదువేల జరిమానాగాని, రెండునుగాని కలదు. కొంతకాలము లైసెన్సునకు అనర్హునిగా చేయు అధికారము కూడ న్యాయస్థానమునకున్నది. ట్రాక్టరు పొలములో దున్నునదే యైనను చట్టము దృష్టిలో మోటారు వాహనమే. ఇది త్రోవలో సొమ్ము చెల్లించి తీర్చుకొనదగిన నేరము కాదు. మేజిస్ట్రేటు ఎదుటనే తేలవలెను. కావున త్రోవలో ఎవరైన సొమ్మడిగినచో ఈయరాదు.

కల్లైనను, ఇప్పసారాయైనను, సీసా సారాయైనను యంత్రమునకు భేదము లేదు. ఇంకొక సంగతి అనేకులెరుగరు. దేహము రక్తములోని మద్యసారమును గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున మాత్రమే హరించును. పెండ్లి విందులో రాత్రి పదిగంటలకు 180 మిల్లీగ్రాములున్నవానికి ఉదయము ఆరుగంటలకు ఇంకను 60 మిగిలియుండును. అనగా హద్దునకు రెట్టింపు. మజ్జిగ, నిమ్మరసము, చన్నీటి స్నానము ఈ లెక్కను తగ్గింపవు. తెల్లవారి సరుకు తీసికొనిపోవువాడు ఈ లెక్కను ముందురాత్రియే వేసికొనవలెను.

ఇక పరీక్ష సంగతి. 203వ సెక్షను ప్రకారము యూనిఫారములోనున్న పోలీసు అధికారి, అనుమానమునకు తగిన కారణమున్నప్పుడు, శ్వాస పరీక్షకు రమ్మనవచ్చును. కారణము లేకుండ నిరాకరించుట తెలివి కాదు. 205వ సెక్షను ప్రకారము ఆ నిరాకరణమే వాని కెదురు సాక్ష్యమును బలపరచును. అయితే పరీక్ష సక్రమముగా జరుగవలెనని మర్యాదతో కోరుట నేరము కాదు. ఊదు గొట్టము క్రొత్తదిగా నుండవలెను. ఊదకముందు యంత్రము సున్న చూపుచున్నదేమో చూడవలెను. యంత్రమిచ్చు చీటీమీద తేది, వేళ, అంకె సరిగానున్నవో లేవో చదివి నకలు కోరవలెను. కొన్ని దగ్గుమందులలోను, నోరు పుక్కిలించు మందులలోను మద్యసారముండును. అది నోటిలో నిలిచి అంకెను పెంచవచ్చును. పదునైదు నిమిషములలో తొలగును. అట్టి మందు వాడినవాడు ఆ మాట వెంటనే చెప్పి, కొంత తడవాగి మరల పరీక్షింపుమని అడుగవలెను. అంకె తప్పని నమ్మినవాడు రక్తపరీక్షను అప్పుడే కోరి, ఆ కోరికను వ్రాయించుకొనవలెను. మరునాడు కోరిన లాభము లేదు. అప్పటికి రక్తము మారిపోవును.

ఈ విషయమున న్యాయస్థానముల తీర్పులనుగూర్చి సగము మాటలు వ్యాపించుచున్నవి. వాసన, తూలుట, మాట తడబడుట మాత్రమే త్రాగుడునకు చాలిన రుజువు కావని సుప్రీంకోర్టు 1971లో చెప్పినది. శ్వాస పరీక్ష ఒక్కటే తుది రుజువు కాదని తెలంగాణ హైకోర్టు 2025లో ఒక ఆర్టీసీ ఉద్యోగి విషయమున పలికినది. ఇవి విని యంత్రపు అంకెకు విలువ లేదనుకొనుట పొరపాటు. మొదటిది 1988 చట్టమునకు ముందటిది. రెండవది ఉద్యోగమునుండి తొలగించిన వ్యవహారము. 185వ సెక్షనులో యంత్రపు అంకెనే చట్టము పేర్కొన్నది. కావున నిందితుని వాదము ఆ అంకె ఎట్లు వచ్చినదను దానిమీదనే నిలువవలెను: యంత్రమునకు తనిఖీ జరిగినదా, బండి నడిపినది నిజముగా తానేనా, కాగితములలో వేళలు పొసగుచున్నవా. నేరమును రుజువు చేయు భారము ప్రభుత్వముది.

బండి మాటకు వచ్చినచో, నడుపువాడు త్రాగియున్నాడను కారణము మాత్రముచేత వాహనమును స్వాధీనపరచుకొను అధికారము పోలీసులకు లేదని తెలంగాణ హైకోర్టు 2021 నవంబరులో తీర్పు చెప్పినది. లైసెన్సుండి త్రాగనివాడు వెంటనున్నచో వానికప్పగింపవలెను. లేనిచో బంధువునకో మిత్రునకో కబురు పంపవలెను. ఎవరును రానప్పుడే తాత్కాలికముగా ఠాణాలో నుంచి, పిమ్మట రిజిస్ట్రేషను పత్రము చూపగా తిరిగి యీయవలెను.

ట్రాక్టరు యజమానులు మరియొకటి గమనింపవలెను. డ్రైవరు త్రాగియున్నాడని తెలిసియు బండి యిచ్చి పంపినవాడు, 188వ సెక్షను ప్రకారము నేరమునకు తోడ్పడినవాడై, అదే శిక్షకు పాత్రుడగును. భీమా సొమ్ముకు కూడ ముప్పు కలదు. త్రాగి నడిపి బండి పాడుచేసికొనినచో కంపెనీ పరిహారము నిరాకరింపవచ్చునని సుప్రీంకోర్టు 2021లో నిర్ణయించినది. అప్పు తీరని ట్రాక్టరునకు ఇట్టి గతి పట్టినచో ఆ కుటుంబము ఏండ్లతరబడి లేవజాలదు.

సమను వచ్చినప్పుడు వాయిదా తప్పరాదు. వకీలుతో మాటాడక నేరము నొప్పుకొనరాదు. ఒప్పుకొనిన నాడే శిక్ష నమోదగును, రెండవసారి దానినే లెక్కింతురు. వకీలునకు సొమ్ము లేదని వెనుదీయనక్కరలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము గిరిజనులకు, షెడ్యూల్డు కులములవారికి, స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము కలదు. మన ప్రాంతపు కోయ, లంబాడా సోదరులందరు దీనికి అర్హులే. పేదలగు ఇతరులును అర్హులు. కొత్తగూడెములోని జిల్లా న్యాయసేవాధికార సంస్థనుగాని, 15100 అను ఫోను సంఖ్యనుగాని ఆశ్రయింపవచ్చును.

నిర్దోషికి ఈ మాటలు రక్షణము కావలెనని మా కోరిక. దోషికి ఇవి తప్పించుకొను దారులు కావు. 2006లో ముంబయిలో ఒకడు త్రాగి కారు నడిపి, బాటప్రక్క నిద్రించు కూలీలు ఏడుగురి ప్రాణములు తీసెను. 2012లో సుప్రీంకోర్టు వాని మూడేండ్ల ఖైదును ఖాయపరచినది. ఖైదు తీరినను ఆ ఏడుగురు ఇండ్లకు తిరిగి రాలేదు. మన బాటలమీదను రాత్రివేళ కూలి ముగించుకొని నడచి వచ్చువారు మనవారే. కావున జాతరకైనను, పెండ్లికైనను బయలుదేరునప్పుడు, ఆనాడు త్రాగనివాడెవరో ముందే నిర్ణయించి, తాళము వానిచేతికే యీయవలెనని సభ్యులందరికి మనవి చేయుచున్నాము.