మూడు దీపాలు చెప్పని సంగతి

రైసుమిల్లు స్విచ్చిబోర్డు మీద ఎరుపు, పసుపు, నీలం దీపాలు చూశారా? మూడు ఫేజులకూ అవి గుర్తులు. అవి వెలిగితే కరెంటు ఉన్నట్లే. అది బాగున్నదీ లేనిదీ మాత్రం చెప్పవు.

415 వోల్టుల మోటారుకు 373 వోల్టులే అందాయనుకోండి. బల్బయితే మసకబారి ఊరుకుంటుంది. మోటారు అలా కాదు. మరలో ధాన్యం భారం తగ్గదు కదా! నిండు బరువు మీద ఉంటే సుమారు పదోవంతు ఎక్కువ కరెంటు లాగుతుంది. తీగచుట్టలో వేడి కరెంటు వర్గాన్ని బట్టి పుడుతుంది గనుక ఐదోవంతుకు పైగా పెరుగుతుంది. రోజూ ఇదే వరస అయితే తీగల పూత మాడి, ఒకనాడు మోటారు కాలిపోతుంది. మళ్లీ చుట్టించేదాకా మిల్లు మూతే, కూలీలకు పనీ లేదు.

వోల్టుమీటరు ఉందిగా అంటారా? దాని ముల్లు నిదానస్తురాలు. పెద్ద మోటారేదైనా మొదలైనప్పుడు వోల్టేజి ఒక్కక్షణం పడి లేస్తుంది. ముల్లు సరిగా కదలకముందే స్విచ్చిని పట్టి ఉంచే విద్యుదయస్కాంతం వదిలేసి, మర ఆగిపోవచ్చు!

మన కరెంటు సెకనుకు 50 సైకిళ్లు. నేటి మేలురకం నమోదు పరికరాలు అరసైకిలుకొకసారి, అంటే సెకనులో నూరోవంతుకొకసారి, వోల్టేజి లెక్కగట్టి, అది పడిన వేళను రాసిపెడతాయి. ఆ క్షణంలోనే మిల్లు లాగిన కరెంటు ఒక్కసారిగా ఎగిసి ఉంటే తప్పు చాలావరకు లోపలి మోటారుదే; లేకుంటే బయటి లైనులో వెతకాలి.